మిద్దె మీద మల్బరీ: కత్తెర పడితేనే కాయ

హైదరాబాద్‌లో ఇంటి దగ్గర బ్లాక్‌బెర్రీ పెంచాలని చాలామందికి ఉంటుంది. సూపర్ మార్కెట్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు పళ్ళు పెట్టి అమ్మే ధర చూశాక ఆ కోరిక ఇంకా గట్టిపడుతుంది. నాకూ ఉండేది. కానీ మన ఊరి వాతావరణం చూసి ఒక మాట ముందే చెప్పేస్తాను. నల్లటి, తియ్యటి, గుత్తిగుత్తిగా గింజలు పేర్చినట్టుండే పండు మీ మిద్దె మీద కాయాలంటే మల్బరీ పెట్టండి, బ్లాక్‌బెర్రీ కాదు.

కారణం ఇదీ. బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబపు ముళ్ళ పొద. మామూలు రకాల్లో మొదటి ఏడు పెరిగిన తీగ రెండో ఏడు కాసి ఎండిపోతుంది. ఆ పూమొగ్గలు విచ్చుకోవాలంటే చలికాలంలో 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటల పాటు కావాలి. మనకు సంక్రాంతి ముందు నాలుగు రాత్రులు వణికించినా అంత చలి ఎక్కడిది? అమెరికాలో అర్కాన్సా విశ్వవిద్యాలయం వాళ్ళు మొదటి ఏడాది తీగకే కాసే రకాలు 2004 నుంచి తెచ్చారు. వాటికి అంత చలి అక్కర్లేదు, కానీ పూత మీద ఉండగా ఎండ బాగా మండితే పిందె సరిగా కట్టదు. మన ఏప్రిల్, మే నెలల 40 డిగ్రీల ఎండలో ఆ పొదను బతికించడానికే సరిపోతుంది మన ఓపిక.

మల్బరీ మాత్రం మన నేలకు పరాయిది కాదు. పాత నిఘంటువుల్లో కంబళి చెట్టు అని ఉంటుంది. పాతబస్తీ స్నేహితులు షహతూత్ అంటారు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే రైతులకు అది రోజూ కోసే ఆకు. మర్రి, రావి, మేడి, పనసలతో ఒకే కుటుంబం. ఆకు తుంచితే కారే తెల్లటి పాలు చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది. ఎండకు ఓర్చుకుంటుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కుండీలో కూడా కాస్తుంది.

అయినా నా మొదటి చెట్టు ఏడాదిన్నర పాటు ఒక్క పండు ఇవ్వలేదు. ఏపుగా తలెత్తుకుని పెరిగింది, ఒంటినిండా ఆకే. ఎరువు మార్చాను, కుండీ మార్చాను, చోటు మార్చాను. చివరికి హిందూపురం దగ్గర పట్టుపురుగులు పెంచే మా మామయ్య వచ్చి చూశాడు.

"ఎన్నిసార్లు కొట్టావు దీన్ని?" అన్నాడు.

"ఒక్కసారి కూడా ముట్టుకోలేదు మామయ్యా, పాపం చిన్న చెట్టు కదా!"

"అదే తప్పు. మేం కొమ్మ కొట్టిన ప్రతిసారీ చిగురుతో పాటే కాయలూ వస్తాయి. మాకు కావలసింది ఆకు గనక వాటిని లెక్కచెయ్యం. నీకు కావలసింది కాయ. కత్తెర తే!"

ఆ రోజు ఆయన చెట్టును మోడు చేసి వెళ్ళిపోయాడు. ఇంట్లో అందరం బాధపడ్డాం. నలభై అయిదు రోజులకు మా పాప నోరంతా నల్లగా చేసుకుని మిద్దె దిగింది. ఈ రాసేదంతా ఆ కత్తెర చుట్టూనే తిరుగుతుంది.

మొక్క తెచ్చుకోవడం

నర్సరీలో అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి పొట్టి కాయది. వేలి కణుపంత పొడవుంటుంది, ఆకుపచ్చ నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నలుపు అవుతుంది. రెండోది పొడుగు కాయది, పాకిస్తాన్ మల్బరీ అని పిలుస్తారు. మూడు నాలుగు అంగుళాల పొడవుండి బాగా తియ్యగా ఉంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళు పొట్టి కాయ రకమే తీసుకోండి. కత్తిరించిన ప్రతిసారీ నమ్మకంగా కాసేది అదే. పొడుగు రకం రుచిలో మిన్న, కానీ కాపు తక్కువ సార్లు వస్తుంది. చోటుంటే రెండో చెట్టుగా పెట్టుకోవచ్చు.

నెక్లెస్ రోడ్డు మీద నర్సరీ మేళా పెట్టినప్పుడు వెళితే కడియం నుంచి వచ్చిన మొక్కలు కూడా దొరుకుతాయి. ఎక్కడ కొన్నా సరే, కొమ్మ మీద కనీసం ఒక పిందె అయినా ఉన్న మొక్కనే ఎంచుకోండి. మల్బరీలో మగ, ఆడ చెట్లు వేరుగా ఉండటం మామూలే. మగ చెట్టుకు దుమ్ము రాల్చే పూకంకులు తప్ప కాయ రాదు. ఆ కంకులు పుప్పొడిని చిమ్మే వేగం ధ్వని వేగంలో సగానికి పైనే ఉంటుందని శాస్త్రవేత్తలు కొలిచారు. చూడ్డానికి అబ్బురమే కానీ తినడానికి ఏమీ ఉండదు. ఆడ చెట్టుకు మగ తోడు లేకపోయినా కాయ వస్తుంది, అందులో గింజ గట్టిపడదు, అంతే. కాబట్టి మిద్దె మీద ఒక్క చెట్టు చాలు.

కొనక్కర్లేకుండా కొమ్మ తెచ్చుకునేవాళ్ళకూ అదే మాట. పట్టుతోటల్లో వీ-1 లాంటి రకాలను ఆకు కోసం ఎంచుకున్నారు, పండు రుచి కోసం కాదు. మీరు స్వయంగా పండు తిని బాగుందనుకున్న చెట్టు నుంచే కొమ్మ అడగండి.

కొమ్మ గుచ్చడం

తొలకరి పడ్డాక, జూన్ చివర నుంచి జూలై దాకా దీనికి మంచి అదను. పెన్సిల్ లావున్న, ముదురు బెరడు పట్టిన కొమ్మను జానెడు ముక్కలుగా కోయండి. ప్రతి ముక్కకు మూడు నాలుగు కళ్ళు, అంటే చిగురు లేచే మొగ్గలు, ఉండాలి. కింది వైపు ఏటవాలుగా, పై వైపు అడ్డంగా కోస్తే ఏది తలో ఏది మొదలో తికమక ఉండదు. తలకిందులుగా గుచ్చిన కొమ్మ ఎంత నీళ్ళు పోసినా పనికిరాదు. ఆకులన్నీ తీసేసి, రెండు కళ్ళు మట్టిలోకి పోయేలా లీటరు కవరులో గుచ్చండి. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమంగా కలిపితే చాలు. నీడలో ఉంచి తడి ఆరకుండా చూడండి.

పది పన్నెండు రోజులకు పైకన్ను పగిలి చిగురొస్తుంది. దాన్ని చూసి మురిసిపోయి వెంటనే పీకి మార్చేయకండి. కొమ్మలో దాచుకున్న సత్తువతోనే మొదటి చిగురు వస్తుంది, అప్పటికి వేరు ఉండకపోవచ్చు. రెండు నెలలాగి, కవరు అడుగున వేరు తొంగి చూస్తున్నప్పుడు మార్చండి. ఎప్పుడూ ఒకటి కావాలంటే అయిదు గుచ్చుతాను నేను. మిగిలినవి పక్కింటివాళ్ళకు పోతాయి.

కుండీ, మట్టి, చోటు

మొదటి ఏడాదికి 20 లీటర్ల పెయింట్ బకెట్ సరిపోతుంది. రెండో ఏడాదికి నీలం డ్రమ్మును అడ్డంగా కోసిన సగం ముక్క కావాలి. అడుగున అయిదారు కన్నాలు పెట్టి, వాటి మీద పెంకు ముక్కలు పరవండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, పైన రెండు గుప్పెళ్ళ వేపపిండి కలపండి. కొబ్బరి పొట్టు ఎందుకంటే బరువు తగ్గడానికి. సగం డ్రమ్ములో తడి మట్టి నూరు కిలోలు దాటుతుంది. దాన్ని శ్లాబు నడిమధ్యలో పెట్టకండి. కింద గోడ గానీ బీము గానీ ఉన్న చోట పెట్టండి. డ్రమ్ము కింద నాలుగు ఇటుకలుంటే నీళ్ళు నిలవకుండా శ్లాబు ఆరుతుంది.

రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. పక్కన అపార్ట్‌మెంట్ లేచి మధ్యాహ్నం దాకా నీడ పడే మిద్దె అయితే ఆకు వస్తుంది, కాయ మాత్రం నామమాత్రమే.

నేలలో పెట్టే జాగా ఉన్న అదృష్టవంతులు సంపుకు, డ్రైనేజీ చాంబర్‌కు, ప్రహరీకి కనీసం పదిహేను అడుగుల దూరంలో నాటండి. తడి ఎక్కడుందో దీని వేరు వెతుక్కుంటూ పోతుంది. కొత్తలో బక్కపలచగా కనిపించిందని గోడ పక్కన పెడితే పదేళ్ళకు గోడే బాధపడుతుంది.

కత్తెర పట్టడం

మల్బరీ పూత పాత కొమ్మ మీది కన్ను నుంచి లేచే కొత్త చిగురుకు మొదట్లోనే పుడుతుంది. అంటే కొత్త ఇగురు రాకపోతే కాయ లేదు. చలి దేశాల్లో ఆ పని శీతాకాలం చేస్తుంది. ఆకంతా రాలుతుంది, వసంతంలో ఒక్కసారిగా చిగురిస్తుంది, కాస్తుంది. మన ఊళ్ళో ఆకు పూర్తిగా రాలేంత చలి రాదు కాబట్టి శీతాకాలం చేసే పని మన చెయ్యే చెయ్యాలి. కొమ్మ కోయడం ఎంత ముఖ్యమో ఆకు దూయడం అంత ముఖ్యం.

చెట్టుకు ఏడాది నిండి, కాండం బొటనవేలంత లావయ్యాక మొదలుపెట్టండి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో నాలుగు గట్టి కొమ్మలు నాలుగు దిక్కులకూ ఉండేలా ఎంచుకోండి. అవి శాశ్వతం. వాటి మీంచి వచ్చిన పక్క కొమ్మలను నాలుగైదు కళ్ళు మిగిల్చి కోసేయండి. లోపలి వైపు పోయేవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, పుల్లలా సన్నగా ఉన్నవి మొదలంటా తీసేయండి. కన్నుకు పావు అంగుళం పైన, కన్నుకు అవతలి వైపు వాలేలా ఏటవాలుగా కోయాలి. అప్పుడే వాన నీరు కన్ను మీద నిలవదు. కోసిన చోట తెల్లటి పాలు బొట్లుబొట్లుగా కారతాయి. కొందరికి అది తగిలితే దురద. చేతికి గ్లౌజులు వేసుకోండి.

ఇప్పుడు మిగిలిన కొమ్మల మీది ఆకులు. ఒక్కటి కూడా మిగలకూడదు. ఆకును కిందికి లాగి దూస్తే తొడిమతో పాటు బెరడు చీలి, దాని మూలలో ఉన్న కన్ను ఊడొస్తుంది. నా మొదటి ప్రయత్నంలో సగం కళ్ళు అలా పోగొట్టుకున్నాను. చిన్న కత్తెరతో తొడిమను సగానికి కోసి వదిలేయండి. మిగిలిన తొడిమ ముక్క వారంలో దానంతటదే పసుపెక్కి రాలుతుంది. కొంచెం దగ్గరగా చూస్తే తొడిమ చంకలో గోధుమరంగు పొలుసులు కప్పుకున్న గోధుమగింజంత కన్ను కనిపిస్తుంది. మీ పండు ఉన్నది అక్కడే.

తర్వాత కుండీ చుట్టూ పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి, నాలుగు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు కట్టెల బూడిద వేసి నిండా నీళ్ళు పోయండి. ఆకు లేని చెట్టు తక్కువ నీళ్ళు తాగుతుంది కాబట్టి చిగురు వచ్చేదాకా మట్టి ఆరాకే మళ్ళీ పోయాలి.

మా మిద్దె మీద లెక్క ఇలా నడుస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు కన్ను ఉబ్బి పచ్చటి మొన కనిపిస్తుంది. రెండు వారాలకు చిన్న ఆకుల మధ్య నుంచి తెల్లటి నూగుతో గొంగళిపురుగు పిల్లల్లాంటి పిందెలు బయటికొస్తాయి. నెల దాటాక ఎరుపెక్కుతాయి. ఆరు, ఏడు వారాలకు నలుపు. చలి రోజుల్లో ఇంకో వారం పడుతుంది.

ఏడాదికి మూడుసార్లు కోయండి, అంతకు మించి చెట్టును పిండకండి. సంక్రాంతి దాటాక కోసేది ముఖ్యమైన కోత. మార్చిలో వచ్చే ఆ పండు అన్నిటిలోకీ తియ్యన, ఎందుకంటే ఎండ బాగుంటుంది, వాన ఉండదు. జూన్‌లో తొలకరికి కోస్తే ఆగస్టులో కాపు. పండు లావుగానే ఉంటుంది కానీ వానకు చప్పబడుతుంది. దాన్ని జామ్‌కు వాడుకోండి. మూడోది దసరా తర్వాత. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కత్తెర ముట్టకండి. ఆకు నీడ లేని బెరడు మన ఎండకు మాడి పగులుతుంది.

నీళ్ళు

ఎండాకాలంలో సగం డ్రమ్ముకు పొద్దున ఒకసారి, బాగా మండే రోజుల్లో సాయంత్రం మరోసారి పోయాలి. కాయ ఎదిగే మూడు వారాల్లో ఒక్క రోజు మరిచిపోయినా పిందెలు ముడుచుకుని రాలిపోతాయి. మట్టి మీద ఎండాకులో చెరకు పిప్పో మందంగా పరిస్తే చాలా తడి నిలుస్తుంది. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే అదే గుర్తు. వాన పడ్డ రోజు డ్రమ్ము అడుగు నుంచి ధారగా కారేదాకా వాన నీళ్ళు పోసి ఆ ఉప్పును కడిగేయండి. వాటర్ ప్యూరిఫయర్ వదిలే వృథా నీళ్ళు మల్బరీకి పోయకండి. ఆ ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది.

పురుగు, తెగులు, పిట్ట

చిగురు కొసన ఆకులు ముడుచుకుని, గట్టిపడి, ముదురాకుపచ్చగా గుబురు కడితే లోపల గులాబీ రంగు పిండినల్లి ఉందని అర్థం. పట్టు రైతులు దాన్ని తుక్ర అంటారు. ఆ కొసను తుంచి సబ్బునీళ్ళ బకెట్‌లో వేయండి. చెట్టు కింద పడేస్తే మళ్ళీ ఎక్కుతుంది. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే పిండినల్లిని అవే కాపలా కాస్తున్నాయన్నమాట, ముందు చీమల దారి ఆపండి. డ్రమ్ము కింది ఇటుకలను నీళ్ళ పళ్ళేల్లో పెడితే చాలు.

తెల్లటి పిండినల్లి ఎక్కువగా కనిపిస్తే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చెంచాల కుంకుడు రసం బాగా గిలకొట్టి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా చల్లండి. ఘాటైన పురుగుమందు జోలికి పోకండి. దానికి ఒక కథ ఉంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడి బొప్పాయి, మల్బరీ తోటలను తుడిచిపెట్టేసింది. ఏ మందుకూ లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి చీమతల కంటే చిన్న పరాన్నజీవి కందిరీగలను తెప్పించి వదిలారు. అవి పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెట్టి దాన్ని లోపలి నుంచి తినేస్తాయి. రైతులు గట్టెక్కింది వాటి వల్లే. మనం విషం చల్లితే పురుగు కంటే ముందు ఇలాంటి మిత్రులు పోతాయి.

చలికాలంలో ఆకు అడుగున బూడిద తెగులు వస్తుంది. మూడో కోత గుబురుగా వదలకుండా గాలి ఆడేలా చేస్తే చాలావరకు ఆగుతుంది. కాయ ఎరుపెక్కాక వేపనూనెతో సహా ఏదీ చల్లకండి. ఆ చేదు పండులోంచి పోదు.

పిగిలిపిట్టలు, గోరింకలు, కోయిలలు, ఉడతలు కాయ నల్లబడే రోజు మనకంటే ముందే కనిపెడతాయి. వలలో చిక్కుకున్న పిట్టను ఒకసారి విడిపించాక నేను వల మానేశాను. నాలుగు కొమ్మలకు పాత నెట్ దోమతెర ముక్కలు సంచుల్లా కట్టి, మిగిలినవి వాటికే వదిలేస్తాను. సరిపడా మిగులుతాయి.

కోయడం, దాచడం

పండు రంగు చూసి మోసపోకండి. ముదురెరుపు మీద నలుపు ఛాయ వచ్చిన పండు చూడ్డానికి పండినట్టే ఉంటుంది, నోట్లో వేసుకుంటే పళ్ళు పులుస్తాయి. నిజంగా పండినది వేలు తగిలితే చేతిలోకి రాలుతుంది. లాగాల్సి వచ్చిందంటే ఇంకో రోజు ఆగాలన్నమాట. కోశాక ఇది మామిడిలా మాగదు. పచ్చి కాయలో, తెల్లటి పాలలో కడుపును తిప్పే గుణం ఉంది, పిల్లలను ఆకుపచ్చ కాయలు తిననివ్వకండి.

పొద్దున్నే, ఎండెక్కక ముందు, చెట్టు కింద పాత చీర పరిచి కొమ్మను మెల్లగా ఊపండి. రాలినవే ఏరుకోండి. తినబోయే ముందే కడగాలి. కడిగి దాస్తే సాయంత్రానికే చెమ్మగిల్లి మెత్తబడతాయి. కడగకుండా ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు. అంతకు మించి దాచాలంటే స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి డీప్ ఫ్రీజ్ చేసి, గడ్డకట్టాక డబ్బాలో నింపండి. ముద్ద కట్టకుండా కావలసినన్ని తీసుకోవచ్చు.

మరక గురించి. ఈ రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు తగిలితే నీలంగా మారుతుంది. చేతులు సబ్బుతో రుద్దుకుని నీలం చూసి కంగారు పడకండి. బట్ట మీద పడితే సబ్బు కంటే ముందు నిమ్మచెక్క రుద్ది, చన్నీళ్ళతో జాడించి, తర్వాతే ఉతకండి. ఆరిపోయిన మరక వదలదు.

షుగరుకు మల్బరీ మందు అని ఎవరైనా చెబితే ఒక్క మాట. ఆకుల మీద పరిశోధనలు జరుగుతున్న మాట నిజమే, కానీ పండులో చక్కెర ఉంది. డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపి దీన్ని నమ్ముకోకండి.

వంటింట్లో

జామ్‌కు అరకిలో పళ్ళు, 300 గ్రాముల పంచదార, ఒక పెద్ద నిమ్మకాయ కావాలి. ఆకుపచ్చ కాడలు కత్తెరతో తీసేయండి. పంచదార కలిపి రెండు గంటలు ఉంచితే రసం ఊరుతుంది, నీళ్ళు పోయక్కర్లేదు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మధ్యమ మంట మీద ఉడికిస్తూ గరిటెతో సగం పళ్ళు మెదపండి, సగం అలాగే వదలండి. పదిహేను నిమిషాలకు నిమ్మరసం పోయండి. మల్బరీలో జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ తక్కువ, ఆ పని పులుపు సాయంతోనే జరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి పళ్ళెం మీద ఒక చుక్క వేసి వేలితో గీత గీయండి. గీత మూసుకోకుండా నిలిస్తే దించేయండి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం పలచగా ఉండగానే ఆపడం మేలు. తడి లేని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులు ఉంటుంది.

మార్చి ఎండల్లో షర్బత్ ఇంకా సులువు. పండిన పళ్ళు చేత్తో నలిపి, పలచటి గుడ్డలో వడగట్టి, పంచదార, నిమ్మరసం, చిటికెడు నల్ల ఉప్పు, చల్లటి నీళ్ళు కలపండి. నానిన సబ్జా గింజలు ఒక చెంచా వేస్తే మా ఇంట్లో ఇంకేమీ అడగరు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది పచ్చడి. గాలివానకు నల్లబడకుండానే రాలిపోయిన ముదురెరుపు కాయలను పారేయకండి. కప్పు కాయలు, ఆరు పచ్చిమిరపకాయలు చెంచా నూనెలో కాయ మెత్తబడేదాకా మగ్గించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అరచెంచా జీలకర్ర, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టండి. చింతపండు అవసరం లేదు, కాయ పులుపే చాలు. వేడన్నంలో నెయ్యి వేసుకుని కలిపితే ముద్ద ఊదారంగులోకి తిరుగుతుంది. ఆ పూటకు ఆ పూటే చేసుకోండి, మర్నాటికి నీళ్ళు వదిలేస్తుంది.